మామిడి షెడ్డులో తుపాకీ పెట్టెలు

మన దేశం ఫలానా దేశానికి ఆయుధాలు అమ్మిందని పేపర్లో వార్త పడితే, మా ఇంట్లో పిల్లలు దాన్ని నాకు పనిగట్టుకుని చదివి వినిపిస్తారు. నాకు ఒళ్ళు మండుతుందని వాళ్ళకు తెలుసు, ఆ తమాషా చూడాలని. మండనీ. శాంతి గురించి లోకానికంతా పాఠాలు చెప్పిన దేశం ఆ వ్యాపారంలోకి తొలి అడుగులు వేస్తున్న రోజుల్లో, అందులో ఒక చిన్న అడుగు మా భవానీపురంలో పడింది. అది పడిన చోట మేమున్నాం. కాబట్టి కోప్పడే హక్కు నాకుంది, ఎవరు నవ్వినా దాన్ని వదులుకోను.

మాది మామిడిపళ్ళ పెట్టెలు చేసే షెడ్డు. మాది అంటే మేం పనిచేసేది. కృష్ణ ఒడ్డుకు దగ్గర్లో రేకుల కప్పు, దాని కింద డజను మంది వడ్రంగులు. నూజివీడు, మైలవరం తోటల కాయ కలకత్తాకైనా ఢిల్లీకైనా మా పెట్టెల్లోనే రైలెక్కేది. మా నాన్న అక్కడ మేస్త్రీ. ముప్పై ఏళ్ళుగా అదే షెడ్డు, అదే మూల. నేను చెబుతున్న నాటికి ఆయనకు అరవై దాటాయి. ఎడమ కంట్లో పొర కమ్ముతోంది. మేకు తల సరిగ్గా కనపడక వేలితో తడిమి కొట్టేవాడు. అలాంటి మనిషిని ఇంకే షెడ్డూ పనిలో పెట్టుకోదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆ మూల నీదేనని యజమాని మాటిచ్చాడు. ఆ మాట మీద మా పొయ్యి వెలిగేది. అన్నయ్య పటాలంలో ఉన్నాడు గానీ, పెళ్ళయ్యాక అతని సంసారం అతనిది.

నాన్నకు చదువు రాదు. ఏ కాయితం మీదైనా వేలిముద్రే. పెట్టెల మీద తోట పేరు, చేరాల్సిన ఊరు, ఏ వైపు పైకి ఉండాలో చెప్పే బాణం గుర్తు రాయడానికి ముందు బయటి నుంచి పెయింటర్ని పిలిచేవారు. నేను పదో తరగతి పాసయ్యాక ఆ పని నాకు ఇప్పించాడు నాన్న. నా అక్షరాలు గుండ్రంగా, దూరం నుంచి కూడా తేటగా కనిపించేవి. ఆ గర్వం నాకు ఇప్పటికీ పోలేదు.

ఇక యజమాని. గుడివాడ వైపు వ్యవసాయ కుటుంబం ఆయనది. బెజవాడ వచ్చి వ్యాపారంలో స్థిరపడ్డాడు. ఖద్దరు తప్ప కట్టడు. కుర్రతనంలో స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళాడు. తెల్లదొరల్ని పొమ్మని కలెక్టరు బంగళా గోడ మీద తారుతో రాశాడట. ప్రతి పంద్రాగస్టుకూ షెడ్డులో జెండా ఎగరేసి, మా అందరికీ బూందీ పంచి, ఆ కథ చెప్పేవాడు. తారు పది రోజులు వదల్లేదని, ఆ నల్లచేత్తోనే జైలు కూడు తిన్నానని చెప్పేటప్పుడు అరచెయ్యి చాచి చూపించేవాడు. గవర్నర్‌పేట ఆఫీసులో ఆయన కుర్చీ వెనకాల జాతిపిత పటం, పక్కన ఒక రాట్నం ఉండేవి. అక్టోబరు రెండున నీచు ముట్టొద్దని మాకు బుద్ధి చెప్పేవాడు. మావాళ్ళు అందరూ బుద్ధిగా తలాడించి ఇంటికెళ్ళి చేపల పులుసు తినేవాళ్ళు. అయినా ఆయనంటే మాకు గౌరవమే. నాకైతే ఇష్టం కూడా.

అది డెబ్భై ఆరు. ఎమర్జెన్సీ నడుస్తోంది. రైళ్ళు టైముకు వస్తున్నాయని అందరూ పైకి చెప్పుకునేవారు, తక్కినవి ఎవరూ ఎత్తేవారు కాదు. మామిడి సీజను అయిపోయింది. ఏటా ఆ రోజుల్లో షెడ్డులో పని ఉండదు. వడ్రంగులు ఉలులు నూరుకుంటూ, చుట్టలు కాల్చుకుంటూ కూర్చునేవాళ్ళు. సరిగ్గా అప్పుడు మద్రాసు నుంచి ఒక ఏజెంటు దిగాడు. గవర్నర్‌పేట లాడ్జిలో మకాం. ఎక్కడో ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీ ఏవో వ్యవసాయ పరికరాలు చేసి ఓడ మీద పై దేశానికి పంపుతోందట, వాటిని మద్రాసు రేవులో సర్దడానికి చెక్క పెట్టెలు కావాలట. సీజను కాదు కాబట్టి చెక్కా చేతులూ ఖాళీగా ఉన్నాయని మా దగ్గరకు వచ్చాడు. యజమాని సరేనన్నాడు. ఆ వేళ షెడ్డులో అందరి మొహాలూ వెలిగాయి. నాదీ వెలిగింది.

ఏజెంటు నీలం కాయితం మీద గీసిన బొమ్మ ఒకటి ఇచ్చాడు. నాన్నకు అక్షరాలు రావు గానీ కొలతల బొమ్మ చూస్తే చాలు, పెట్టె ఆయన చేతుల్లోకి వచ్చేస్తుంది. నాలుగడుగుల చిల్లర పొడవు, వెడల్పు తక్కువ, ఇద్దరు మనుషులు మోయడానికి రెండు వైపులా తాడు పిడులు. లోపల మూడు అడ్డపలకలు, ఒక్కొక్క పలకకు పదేసి గాడులు. ఒక చివరి పలకలో గాడి వెడల్పుగా లోతుగా ఉంది, రెండో చివర బొటనవేలు పట్టేంతే ఉంది.

మొదటి పెట్టె చేసి చూపించిన రోజున మా పరువు పోయింది. మామిడి పెట్టెకు పలకకూ పలకకూ మధ్య వేలు పట్టేంత సందు వదలాలి. కాయకు గాలి ఆడకపోతే కుళ్ళిపోతుంది. ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్న చేతులు, బొమ్మలో లేకపోయినా ఇక్కడా సందు వదిలేశాయి. డజను మందిలో ఒక్కడికీ అది తప్పుగా కనిపించలేదు, నాన్నతో సహా. ఏజెంటు ఆ సందులో వేలు పెట్టి ఆడించి నవ్వాడు. తన సరుక్కి ఊపిరి అక్కర్లేదన్నాడు. బుట్టలల్లే వాళ్ళ దగ్గరకు వచ్చినట్టున్నానన్నాడు. నాన్న పెట్టె తిరిగి రావడం అదే మొదటిసారి. ఆయన ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

నాన్నకు ఒక పద్ధతి ఉంది. కొత్త రకం పెట్టె ఏది చేసినా, మొదటిదాంట్లో సరుకు పెట్టి, ఊపి, నడుమెత్తు నుంచి కింద పడేసి చూడందే రెండోది మొదలుపెట్టడు. మామిడికాయలకు అంతే, లాంతరు చిమ్నీలకు అంతే. ఒకసారి చర్చి హార్మోనియానికి పెట్టె చేసినప్పుడు ఫాదరుగారి గుండెలు అదిరేలా దాన్నీ పడేశాడు. ఆ వాద్యానికేం కాలేదు. ఇప్పుడు మాట పడ్డాక ఆ పద్ధతి ఇంకా బిగుసుకుంది. పరికరం ఒక్కటి ఇప్పించమని ఏజెంటును అడిగాడు. కొలతలు ఉన్నాయి కదా, చాలునన్నాడతను. యజమానిని అడిగాడు. ఆయన కూడా బొమ్మ ప్రకారం చేసెయ్యమన్నాడు. నాన్న ఒక పెట్టె అడ్డపలకలు చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

ఆదివారం చర్చి నుంచి రాగానే పెరట్లో నీడన కూర్చుని, మెత్తటి బూరుగు చెక్క ముక్క ఒకటి తీసుకుని చెక్కడం మొదలుపెట్టాడు. ఆయన ఆలోచన తేలిక. గాడిలో ఖాళీ ఎంతుందో అంత చెక్క ఉంటే, అదే ఆ పరికరం. సరుకు ఇవ్వకపోతే సరుకును ఆయనే చేసుకుంటాడు. వెడల్పు చివర చెక్కి గాడిలో పెట్టి చూసేవాడు, తీసి మళ్ళీ చెక్కేవాడు. కొంచెం కిందికి వంపు వచ్చింది. నడుమ ఏదో వేలాడడానికి చోటుంది, అక్కడ కాస్త చెక్క వదిలాడు. మిగతా సగం సన్నగా గుండ్రంగా సాగింది. నాగలి మేడి కాదు, గొర్రు కాదు, మందు కొట్టే పంపు కాదు. నేను పక్కన బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఒక్కో పేరూ చెబుతుంటే ఆయన తల అడ్డంగా ఊపేవాడు. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. నాన్న ఒళ్ళో ఉన్నది చూసి ఆగిపోయింది.

"అబ్బాయి ఫొటోలో పట్టుకున్నది ఇదే కదూ" అంది.

గోడ మీద యూనిఫారంలో ఉన్న అన్నయ్య ఫొటో. భుజాన తుపాకి. నాన్న ఆ చెక్క ముక్కను మెల్లగా నేల మీద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

సోమవారం దాన్ని షెడ్డుకు తీసుకెళ్ళి పెట్టెలో పెట్టాడు. పిసరంత కదల్లేదు. పెట్టె కుదిరిందని మాత్రం అన్నాడు. అంతకంటే ఏమంటాడు? చేతికింద పన్నెండు సంసారాలున్నాయి, ఒక కన్ను పోతోంది, మూల ఒకటే ఉంది. పని మొదలైంది.

నా వంతు పని కాయితం మీద రాసి ఇచ్చారు. ప్రతి పెట్టె మీదా వ్యవసాయ పరికరాలు అని ఇంగ్లీషులో రాయాలి, కింద ఒక రేవు పేరు. ఆ రేవు ఏ దేశంలో ఉందో నాకు తెలుసు. పళ్ళకు చుట్టడానికి షెడ్డులో పాత పేపర్లు గుట్టలుగా ఉండేవి, నేను బ్రష్షు ఆరేలోపల అవి చదివేదాన్ని. మన సంగతులు వేయడానికి భయపడి పేపర్లు ఆ రోజుల్లో పరాయి దేశాల సంగతులు దండిగా వేసేవి. ఆ రేవున్న దేశంలో, ధరలు పెరిగాయని వీధిలోకి వచ్చిన జనం మీద సైన్యం కాల్పులు జరిపిందని చదివాను. చచ్చిపోయిన వాళ్ళలో కాలేజీ ఆడపిల్లలు ఉన్నారని చదివాను. మామిడికాయకు చుట్టబోయే పేపరు అది.

నన్ను నేను పెద్దదాన్ని చేసుకుని చెప్పను. బంగ్లాదేశ్ యుద్ధంలో మనవాళ్ళు గెలిస్తే వీధిలో చప్పట్లు కొట్టినదాన్నే. ఎడారిలో మనవాళ్ళు బాంబు పేల్చి చూసిన రోజు షెడ్డులో పంచిన లడ్డూ తిన్నదాన్నే. అప్పుడు నాకేమీ అనిపించలేదు, అనిపించిందని ఇప్పుడు రాస్తే అబద్ధం. కానీ ఆ కాయితం చేతిలో పట్టుకున్నాక నా చెయ్యి ముందుకు సాగలేదు. గవర్నర్‌పేట వెళ్ళి యజమానిని కలిశాను.

ఆయన నన్ను కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. అవి తుపాకులని నాకు తెలిసిపోయిందని చెబితే కాదని బుకాయించలేదు. అందుకు ఇప్పటికీ ఆయన్ని మెచ్చుకుంటాను. చైనావాడు వచ్చి మొత్తిన ఏడాది గురించి చెప్పాడు. మనవాళ్ళకు చలికోట్లు కూడా లేని సంగతి, ఒక్కొక్క తుపాకీ కోసం దేశదేశాల ముందు చెయ్యి చాచిన సంగతి చెప్పాడు. ఇప్పుడు మనమే చేసుకుంటున్నామని, నలుగురికి అమ్మే స్థితికి వచ్చామని, ఇది సిగ్గుపడాల్సింది కాదని అన్నాడు. మనం అమ్మకపోతే ఇంకొకడు అమ్ముతాడన్నాడు. ఆ మాటల్లో నిజం లేదని నేను అనలేదు.

"మా అన్నయ్య చేతిలో కూడా తుపాకీ ఉందండీ. అది మన గుమ్మం కాసుకోడానికి. ఇవి ఇంకెవరి గుమ్మంలోకో పోతున్నాయి" అన్నాను. "సరే, అమ్ముకోండి. మంచి పనే అయితే పేరు చెప్పి అమ్మచ్చు కదండీ. మధ్యలో వ్యవసాయం ఎందుకు?"

ఆయన బల్ల మీది కలాన్ని అటూ ఇటూ దొర్లించాడు.

"రాయమన్నది రాసిపెట్టమ్మాయ్. మీ నాన్న సంగతి కూడా కాస్త చూసుకో" అన్నాడు.

బెదిరింపుగా అనలేదు. బతిమాలినట్టే అన్నాడు. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రిక్షా కూడా ఎక్కకుండా భవానీపురం దాకా నడిచి వచ్చేశాను.

మరుసటి రోజు నాన్న రెండో విడత చెక్క ఏరడానికి ఇబ్రహీంపట్నం దగ్గర కోత మిల్లుకు వెళ్ళాడు. రెండు రోజుల పని. ఆ రెండు రోజుల్లో నేను నలభై పెట్టెల మీద రాశాను. తెలుగులో తుపాకులు అని, దాని కింద ఇంగ్లీషులో అదే మాట. జానెడు ఎత్తు అక్షరాలు. బాణం గుర్తు మానలేదు, తడవకుండా చూడమని మానలేదు, రేవు పేరూ మానలేదు. పని పని లాగే చేశాను, అబద్ధం ఒక్కటే తీసేశాను. వడ్రంగుల్లో చదువొచ్చిన వాళ్ళిద్దరు. ఒకతను చూసి తన పనిలోకి వెళ్ళిపోయాడు. రెండో అతను రాసిన వైపును గోడకు తిప్పి పెట్టి, అమ్మాయ్, నీకు పిచ్చి పట్టిందా అని మెల్లగా అడిగాడు. అవునన్నాను.

నాన్నను అడగాలని నాకు తట్టక కాదు. అడిగితే వద్దంటాడని భయపడ్డాను. ఆయన మూలను ఆయనతో చెప్పకుండా పణంగా పెట్టాను. ఇది నేను చేసిన తప్పు. తక్కిన దేనికీ నన్ను ఎవరూ ఒప్పించలేరు గానీ దీన్ని ఒప్పుకుంటాను.

మూడో రోజు పొద్దున్నే లారీ వచ్చింది. ఏజెంటు, యజమాని కారులో వచ్చారు. నాన్న అప్పుడే మిల్లు నుంచి వచ్చి చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తున్నాడు. మొదటి నాలుగు పెట్టెలు బయటికి మోసుకొచ్చి రోడ్డు పక్కన పెట్టారు. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళు చదివారు. రిక్షా వాళ్ళు దిగి వచ్చి చదివారు. చదువు రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చెప్పారు. ఏజెంటు మొహం మాడిపోయింది. ఇది ఎమర్జెన్సీ అని, ఈ రాత రాసినవాళ్ళని పోలీసులకు అప్పగిస్తే బయట పడేది ఎప్పుడో దేవుడికే తెలియాలని, ఎవరు రాశారో చెప్పమని అరిచాడు.

షెడ్డులో రాసేది ఎవరో అందరికీ తెలుసు. నేను నోరు తెరిచేలోగా నాన్న చొక్కా లేకుండానే ముందుకు వచ్చాడు.

"నేనేనండీ" అన్నాడు.

యజమాని ఆయన వైపు చూశాడు. "నీకు అక్షరం ముక్క రాదు కదయ్యా" అన్నాడు నెమ్మదిగా.

ఏజెంటు నా రంగు డబ్బాలోంచి బ్రష్షు తీసి నాన్న చేతిలో కుక్కాడు. రాసి చూపించమన్నాడు. నాన్న ఆ బ్రష్షును తిరిగి డబ్బాలో పెట్టాడు. చెవి మీంచి పెన్సిలు తీశాడు. పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మంచి కన్ను చెక్కకు దగ్గరగా పెట్టి గీయడం మొదలుపెట్టాడు. కొలబద్ద లేదు. వెడల్పు చివర, వంపు, నడుమ కిందికి వేలాడేది, సన్నటి గొట్టం. పెట్టె మూత ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలువెత్తు తుపాకి. మధ్యలో ఎవరూ ఆపలేదు. ఎందుకు ఆపలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"చదువు లేనోడి రాత ఇంతేనండి బాబుగారూ" అన్నాడు లేస్తూ. "తెలుగూ ఇంగ్లీషూ రాని ఊళ్ళో కూడా ఇది చదువుకుంటారు."

అప్పుడు నేను కూడా ముందుకు వచ్చాను. అక్షరాలు నావేనన్నాను. మీరు ఆ రోజుల్లో తారుతో రాశారు, నేను రంగుతో రాశానన్నాను. యజమాని కళ్ళు నా మీద నిలిచాయి. అంతమందిలో ఆ పెద్దమనిషిని అలా అన్నందుకు మా చుట్టాలు ఏళ్ళ తరబడి నన్ను దెప్పారు. దెప్పనీ. ఆయన కథను ఆయన కంటే ఎక్కువ నమ్మింది నేను.

పోలీసుల దాకా వద్దని యజమాని ఏజెంటుతో గట్టిగా చెప్పాడు. పెట్టెలు చిత్రిక పట్టించి, ఆ రాత తీయించి పంపుతానన్నాడు. తర్వాత నాన్న వైపు తిరగకుండానే, సామాను తీసుకుని వెళ్ళమన్నాడు. మమ్మల్ని జైలు నుంచి కాపాడినదీ, రోడ్డు మీదకు పంపినదీ ఆ ఒక్క మనిషే. వడ్రంగుల్లో ఇద్దరు చిత్రిక పట్టేది లేదని చేతులు కట్టుకు నిలబడ్డారు. నాన్నే వాళ్ళను కోప్పడి, పిల్లలున్న వాళ్ళు పట్టండి, నా కోసం ఆగొద్దని చెప్పాడు. పట్టారు. రంగు చెక్కలోకి బాగా ఇంకిపోయి, రెండుసార్లు పట్టాల్సి వచ్చింది. పెట్టెలు ఆ సాయంత్రానికి వెళ్ళిపోయాయి. వాటి మీద వ్యవసాయం అని ఇంకెవరో రాశారు.

తర్వాత సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. అనుకున్నట్టే ఏ షెడ్డూ నాన్నను పెట్టుకోలేదు. ఇల్లిల్లూ తిరిగి మంచాలకు కోళ్ళు బిగించాడు, తలుపులు బాగుచేశాడు, రెండో కన్ను కూడా మసకబారే దాకా. నేను దుకాణాల బోర్డులు రాశాను. ఆ దేశానికి తుపాకులు వెళ్ళాయి, ఇంకా చాలా దేశాలకు వెళ్ళాయి, ఇప్పుడు పేరు చెప్పే అమ్ముతున్నారు. మా నలభై పెట్టెల వల్ల ఏమీ ఆగలేదు. అయితే ఎందుకు చేశావని పిల్లలు అడుగుతారు. ఆగుతుందని చేయలేదు. ఆ అబద్ధం నా అక్షరాలతో పోకూడదని చేశాను.

ఆ రోజు మేమిద్దరం కాలవ గట్టు మీదుగా ఇంటికి నడిచాం. నాన్న భుజాన ఉలుల సంచి, నా చేతిలో రంపం. ఆయన నాకంటే నాలుగడుగులు ముందు నడుస్తున్నాడు. కోపంగా ఉన్నాడని ఆ నడకలోనే తెలుస్తోంది.

"నన్ను అడగాల్సింది" అన్నాడు సగం దారిలో.

"అడిగితే వద్దనేవాడివి నాన్నా."

ఆయన ఆగాడు. సంచి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"అనేవాణ్ణే. భయమేసి వద్దనేవాణ్ణి, నువ్వు నా మాట వినేదానివి. పెట్టెలు నీ చేత్తో రాసిన అబద్ధంతోనే పోయేయి. నేను రేపు పొద్దున మళ్ళీ ఆ మూలనే కూచునేవాణ్ణి."